సహభాగి పరిశీలన: చూపు, సాక్ష్యం, అమానత్

ఒక జనసముదాయాన్ని అర్థం చేసుకోవాలంటే వారి గ్రంథాలు చదివితే సరిపోదు. వారి మధ్య నివసించాలి, వారి భాష మాట్లాడాలి, వారి పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ పాలుపంచుకోవాలి, చూచినదాన్ని చూచినట్లు వ్రాసుకోవాలి. ఇది ఆధునిక మానవశాస్త్రానికి మూలసూత్రం. దీనికే తెలుగులో ‘సహభాగి పరిశీలన’ అని పేరు. మాలినోవ్‌స్కీ అనే పండితుడు 1915-18 మధ్య పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవులలో గుడారం వేసుకొని కాపురమున్నాడు; ఆ అనుభవంతో 1922లో వెలువరించిన గ్రంథం వల్ల ఈ పద్ధతికి శాస్త్రగౌరవం లభించింది. కాని ఆయన మరణానంతరం 1967లో ఆయన దినచర్య పుస్తకం అచ్చయింది. ఎవరి మధ్య ఉండి, ఎవరి ఆదరణ పొంది ఆయన పండితుడైనాడో, వారి పట్ల ఆయన మనస్సులో ఎంత చిరాకు, ఎంత చులకన దాగి ఉన్నాయో అప్పుడు లోకానికి తెలిసింది. కలిసి ఉండటం వేరు, కలిసిపోవడం వేరు అన్న సంగతి ఆ విధంగా ఆ శాస్త్రం పుట్టింటిలోనే బయటపడింది.

ముస్లిం సమాజాలను గురించి ఈ పద్ధతిలో వ్రాసిన గ్రంథాలు నేడు తక్కువేమీ కావు. వాటి పట్ల ముస్లిం పాఠకులలో రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. “ఇదంతా ఇస్లాం విరోధుల కుట్ర” అని పుస్తకం తెరవకుండానే పక్కన పెట్టేవారు కొందరు. “అక్కడే పదేళ్ళు ఉండి వ్రాశాడు కదా, అబద్ధమెలా అవుతుంది?” అని అక్షరం అక్షరం నమ్మేవారు మరికొందరు. మొదటివారు సాక్షిని విచారించకుండానే వెళ్ళగొడుతున్నారు. రెండవవారు విచారించకుండానే సాక్ష్యాన్ని స్వీకరిస్తున్నారు. రివాయత్‌ను తూచడానికి ఒక శాస్త్రాన్నే నిర్మించుకొన్న సముదాయానికి ఈ రెండు ధోరణులూ తగవు.

కొలబద్ద ఎక్కడ?

ఇస్లామీయ విద్యా సంప్రదాయంలో ఇందుకు కావలసిన కొలబద్ద ఉంది. దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరాను చూస్తే చాలు. ఆరవ ఆయత్ నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే విచారించి తెలుసుకొమ్మంటుంది. పన్నెండవ ఆయత్ అనుమానాన్ని, పరుల గుట్టు తవ్వడాన్ని (తజస్సుస్), చాటున చెడు చెప్పుకోవడాన్ని (గీబత్) వారిస్తుంది. ఆ వెంటనే పదమూడవ ఆయత్ మానవులను జాతులుగా, తెగలుగా చేయడంలోని పరమార్థం వారు ఒకరినొకరు తెలుసుకోవడమేనని (తఆరుఫ్) ప్రకటిస్తుంది. తజస్సుస్ నిషిద్ధం, తఆరుఫ్ వాంఛనీయం. ఈ రెండు ఆయతులు పక్కపక్కనే ఉండటం గమనార్హం. రెండు పనులలోనూ కన్ను చేసేది ఒకటే; చూడటమే. తేడా ఎక్కడుందంటే చూచేవాడి సంకల్పంలో, చూడనిచ్చినవారి అంగీకారంలో, చూచినదాన్ని తరువాత ఏమి చేశాడన్న దానిలో ఉంది.

ముస్లిముల విద్యాచరిత్రలో ఈ పనిని అందరికంటె శ్రద్ధగా చేసినవాడు అబూ రైహాన్ అల్ బీరూనీ. సుమారు 1030లో పూర్తయిన ‘కితాబుల్ హింద్’ను ఆయన విన్నదానికీ కన్నదానికీ గల భేదాన్ని చర్చిస్తూ ప్రారంభించాడు. సంస్కృతం నేర్చాడు, పండితులతో కూర్చున్నాడు, పతంజలి యోగశాస్త్రాన్ని అరబీలోకి తెచ్చాడు. ఖండన తన ఉద్దేశం కాదనీ, హిందువులు నమ్మేదాన్ని ఉన్నదున్నట్లు చెప్పడమే తన పని అనీ స్పష్టం చేశాడు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పండితుల విశ్వాసం వేరు, సామాన్యుల ఆచరణ వేరు అని ఆయన పదేపదే గుర్తుచేస్తాడు. ఒకదాన్ని చూచి రెండవదాని మీద తీర్పు చెప్పడు.

బీరూనీ స్థితి కూడా నిష్కళంకమైనది కాదు. గజ్నవీ సుల్తాన్ మహమూద్ ఆస్థానంతో ముడిపడిన జీవితం ఆయనది. ఆ సైన్యాలు తెరిచిన దారి వెంబడే ఆయనకు హిందూదేశం అందుబాటులోకి వచ్చింది. అయితే ఆ విషయాన్ని ఆయన దాచలేదు. ఆ దాడుల వల్ల ఈ దేశపు సంపద ధ్వంసమైందనీ, జనుల మనస్సులలో ముస్లిముల పట్ల ద్వేషం నాటుకున్నదనీ, విద్యలు దూర ప్రాంతాలకు తరలిపోయాయనీ ఆ గ్రంథంలోనే వ్రాశాడు. చూచేవాడు తాను ఎక్కడ నిలబడి చూస్తున్నాడో చెప్పడం సాక్ష్యానికి మొదటి షరతు. బీరూనీ ఆ షరతును నెరవేర్చాడు.

మక్కాలో ఒక డచ్చి విద్యార్థి

ఈ కొలబద్దతో చూడవలసిన గ్రంథాలలో మొదటిది స్నూక్ హుర్‌గ్రోన్యె వ్రాసిన ‘మక్కా’. 1857లో హాలండులో జన్మించిన ఈయన 1880లో లైడెన్ విశ్వవిద్యాలయంలో హజ్ మూలాలను గురించి పరిశోధన వ్యాసం సమర్పించాడు. 1884 ఆగస్టులో జెద్దా చేరాడు. ఇస్లాం స్వీకరించినట్లు ప్రకటించి, అబ్దుల్ గఫ్ఫార్ అనే పేరుతో 1885 ఆరంభంలో మక్కాలో ప్రవేశించాడు. హరమ్ షరీఫ్‌లో ఉలమా పాఠాల వలయాలలో కూర్చున్నాడు. అప్పటి షాఫియీ ముఫ్తీ అహ్మద్ జైనీ దహ్లాన్ వంటి పెద్దల పరిచయం సంపాదించాడు. ఆగస్టులో, తైమా శిలాశాసనం విషయంలో చెలరేగిన వివాదం కారణంగా, టర్కీ అధికారులు ఆయనను నగరం విడిచి పొమ్మన్నారు. హజ్‌కు ఇంకా కొద్ది వారాలే ఉంది. హజ్ మీద పట్టం పొందినవాడు మక్కాలో ఆరు నెలలు ఉండి కూడా హజ్ చూడకుండానే వెనుదిరిగాడు.

1888-89లో జర్మన్ భాషలో రెండు సంపుటాలుగా వచ్చిన ఈ గ్రంథంలో మొదటిది నగర చరిత్ర, రెండవది ఆనాటి నగర జీవితం. రెండవ సంపుటానికి 1931లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. ఈ సంపుటం విలువను కాదనడం న్యాయం కాదు. హాజీలకు వసతి, దారి చూపించే ముతవ్విఫ్‌ల వృత్తి, ఇళ్ళలో స్త్రీల ఆచారాలు, పెళ్ళి తంతులు, బానిసల స్థితిగతులు, హరమ్‌లో పాఠం నడిచే తీరు, జావా, సుమత్రా దీవుల నుండి వచ్చి స్థిరపడ్డ ‘జావా’ ముస్లిముల జీవితం ఎంతో వివరంగా ఉన్నాయి. మాలినోవ్‌స్కీ కంటే ముప్పై ఏళ్ళ ముందే ఇంత దగ్గరగా చూచి వ్రాసిన గ్రంథమిది. తరువాతి కాలంలో ఆ మక్కా రూపురేఖలే మారిపోయాయి. పాత పేటలు నేలమట్టమై వాటి స్థానంలో ఆకాశాన్నంటే హోటళ్ళు లేచాయి. అందువల్ల ఆ పేటల జీవితాన్ని తెలుసుకోదలచిన ముస్లిం చరిత్రకారుడు కూడా నేడు ఈ పుస్తకం తిరగవేయక తప్పదు.

మరి అభ్యంతరం ఎక్కడ? సాధారణంగా చర్చ అంతా ఆయన ఇస్లాం స్వీకారం నిజమా, నటనా అన్న చోటనే ఆగిపోతుంది. ఆయన లేఖలను పరిశోధించిన వాన్ కోనింగ్స్‌వెల్డ్ 1980లలో ఈ వివాదాన్ని మళ్ళీ లేవనెత్తాడు. కాని ముస్లిం విమర్శకుడు ఈ ప్రశ్న దగ్గర ఆగవలసిన పని లేదు. యుద్ధరంగంలో కలిమా పలికిన వ్యక్తిని, ప్రాణభయంతో పలికాడని తలచి చంపిన ఉసామా (రజి)ను దైవప్రవక్త (స) అతని గుండె చీల్చి చూచావా అన్న భావంతో నిలదీసిన సంఘటన హదీసు గ్రంథాలలో ఉన్నదే. గుండె చీల్చి చూడటం మనుషుల పని కాదు. మనుషులు విచారించగలిగింది అమానత్‌ను. ఇల్లు తెరిచి లోపలికి రానిచ్చినవారి నమ్మకాన్ని ఆయన ఏమి చేశాడన్నదే ప్రశ్న.

దీనికి సమాధానం రెండు చోట్ల దొరుకుతుంది. మొదటిది రావీల సంగతి. బంతెన్‌కు చెందిన రాదెన్ అబూబకర్ జయదినింగ్రాత్ అనే విద్యావంతుడు జెద్దాలో స్నూక్‌కు సహాయకుడుగా ఉండి మక్కా ఉలమాను గురించి, జావా ముస్లిములను గురించి విస్తారమైన సమాచారం వ్రాసి ఇచ్చాడు. ఆయన పాత్ర ఎంతటిదో 1999లో మైకేల్ లాఫన్ వ్రాసిన వ్యాసం దాకా పండితలోకం పట్టించుకోలేదు. అలాగే సయ్యిద్ అబ్దుల్ గఫ్ఫార్ అనే మక్కా వైద్యుడు తీసి పంపిన ఛాయాచిత్రాలు 1889లో స్నూక్ చిత్రసంపుటంలో ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి. హదీసు విద్యార్థికి ఇంతకంటె పెద్ద లోపం ఉండదు. గొలుసులోని రావీని దాచి, అతని మాటను తన కంటిచూపుగా చెప్పడాన్ని ముహద్దిసులు ‘తద్లీస్’ తరగతిలో చేర్చుతారు. మక్కా మీద స్నూక్ చూపు అనుకొంటున్నదానిలో ముస్లిములు తమను గురించి తాము చెప్పుకొన్న మాటలు ఎన్నో ఉన్నాయి.

రెండవది అచె సంగతి. సుమత్రా ఉత్తర భాగంలోని అచె రాజ్యం మీద డచ్చివారు 1873లో యుద్ధం ప్రారంభించారు. ఎంతకూ గెలుపు దొరకలేదు. 1889లో తూర్పు ఇండియా దీవులకు ప్రభుత్వ సలహాదారుగా వెళ్ళిన స్నూక్ 1891-92లో కొన్ని నెలలు అచెలో గడిపాడు. మక్కా జావా పేటలో సంపాదించిన పరిచయాలు, ముస్లిం విద్వాంసుడన్న పేరు ఆయనకు అక్కడ తలుపులు తెరిచాయి. 1893-94లో ‘అచె ప్రజలు’ అనే రెండు సంపుటాల గ్రంథం వెలువడింది. దానితోపాటు ప్రభుత్వానికి ఆయన ఇచ్చిన సలహా ఏమంటే, ప్రతిఘటనకు ప్రాణం ఉలమా. వారితో రాజీ పొసగదు, వారిని ఆయుధబలంతో అణచాలి, స్థానిక నాయకులైన ఉలెబలాంగ్‌లను చేరదీయాలి అని. 1898లో అచె గవర్నరైన వాన్ హ్యూట్స్ ఈ మార్గంలో నడిచాడు. వేలాది ప్రజలు హతులయ్యారు. తరువాత ఆ గవర్నరు విధానాలతో స్నూక్‌కు పొత్తు చెడింది; 1906లో ఆయన లైడెన్‌కు తిరిగి వెళ్ళాడు. ఈ మాట కూడా చెప్పడం న్యాయం. కాని పాఠశాలలో కూర్చుని నేర్చిన విద్య పాఠం చెప్పినవారి వర్గం మీదనే ఆయుధమైందన్న వాస్తవం దీనివల్ల మారదు. తఆరుఫ్‌గా మొదలైన చూపు తజస్సుస్‌గా ముగిసింది.

ఏలూరు వాడు వ్రాసిన పుస్తకం

వెలుపలివాడు కాకుండా లోపలివాడే వ్రాస్తే ఈ చిక్కులన్నీ తీరుతాయని అనుకొనేవారు ఉన్నారు. వారు చూడవలసిన గ్రంథం ‘కానూనె ఇస్లాం’. దీని కర్త జాఫర్ షరీఫ్ ఏలూరులో పుట్టిన ముస్లిం. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో సర్జనుగా ఉన్న హెర్‌క్లాట్స్ ప్రోద్బలంతో, ఆయన పర్యవేక్షణలో ఈయన వ్రాసిన దానిని హెర్‌క్లాట్స్ ఇంగ్లీషులోకి అనువదించి 1832లో లండన్‌లో అచ్చువేయించాడు. పుట్టుక నుండి మరణం వరకు దక్కను ముస్లిముల ఆచారాలు ఇందులో ఉన్నాయి. ఛట్టీ, అఖీఖా, నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు జరిపే బిస్మిల్లా, పెళ్ళి తంతులు, మొహర్రం అలావాలు, పీర్లు, ఫకీరు వేషాలు, తాయెత్తులు, యంత్రాలు, నగలు, దుస్తులు, వంటకాలు ఎంతో వివరంగా ఉన్నాయి. తెలుగు దేశపు ముస్లిం ఇళ్ళ లోపలి జీవితానికి ఇంత పాత, ఇంత నిండైన సాక్ష్యం అరుదు. ఇందులోని ఆచారాలు కొన్ని నేటికీ పల్లెలలో నడుస్తూనే ఉన్నాయి.

అదే 1832లో లండన్‌లోనే మరొక పుస్తకం వచ్చింది. మీర్ హసన్ అలీ అనే లక్నో ముస్లింను పెళ్ళాడి, ఆయన కుటుంబంతో పన్నెండేళ్ళు గడిపిన ఇంగ్లీషు వనిత లేఖల రూపంలో వ్రాసిన గ్రంథమది. ఆమె క్రైస్తవురాలిగానే ఉండి అత్తవారింటి షియా ముస్లింల జీవితాన్ని ఆదరంతో చిత్రించింది. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన పెడితే లోపల, వెలుపల అన్న విభజన ఎంత పలుచనిదో తెలుస్తుంది. వెలుపలి నుండి వచ్చిన ఆమె కోడలి స్థానంలో నిలబడి వ్రాసింది. లోపల పుట్టిన ఆయన తన సముదాయానికి ఎదురుగా, దొర బల్ల పక్కన నిలబడి వ్రాశాడు. దొరకు ఏది వింతగా తోస్తుందో దానికి పేజీలు పెరిగాయి. మొహర్రం వేషాలు, భూతవైద్యం విస్తరించాయి. రోజుకు ఐదుసార్లు నమాజు చేసి, కూలికి పోయి, ఇంటికి వచ్చి పిల్లలకు ఖాయిదా చెప్పుకొనే మనిషి జీవితంలో వింత లేదు కనుక అతనికి దక్కిన చోటు తక్కువ.

అనువాదం చేసేవాడి కంటికి అన్నిటికంటె ముందు కనిపించే తప్పు మాత్రం పేరులోనే ఉంది. గ్రంథంలో ఉన్నది చాలావరకు రస్మ్, రివాజ్. వాటి మీద వేసిన పేరు ‘కానూన్’. దక్కను ఇళ్ళలో ముసలమ్మలు నడిపే ఆచారం ఆ ఒక్క మాటతో ఇస్లాం ధర్మశాసనమైపోయింది. హెర్‌క్లాట్స్ పుస్తకాన్నే ఆధారంగా చేసుకొన్న తరువాతి రచయితలకు ఆచారానికీ షరీఅత్‌కూ మధ్య గీత కనిపించకపోవడంలో ఆశ్చర్యమేముంది? 1921లో విలియం క్రూక్ ఈ గ్రంథాన్ని ‘ఇండియాలో ఇస్లాం’ అనే పేరుతో తిరిగి కూర్చాడు. క్రూక్ ఉద్యోగం చేసింది ఉత్తర హిందూస్థానంలో. ప్రకరణాల వరుస మార్చి, ఇతర ప్రాంతాల సంగతులు చేర్చి, దేశమంతటికీ వర్తించేలా విస్తరించాడు. ఫలానా సీమ, ఫలానా వాడలు అన్న గుర్తులు పలుచబడ్డాయి. ఏలూరు వాడి సాక్ష్యం హిందూస్థాన ముస్లిములందరి మీద తీర్పుగా మారిన క్రమం ఇది. సాక్షి అబద్ధం చెప్పకపోయినా సాక్ష్యం చెడిపోవచ్చునని జాఫర్ షరీఫ్ గ్రంథం నేర్పుతుంది.

ఇటీవలి గ్రంథాలు

పాత గ్రంథాలలోని ఈ లోపాలను నేటి పండితులు కొంతవరకు గుర్తించారు. ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా ఉండగా జాయిస్ ఫ్లూకిగర్ 2006లో ప్రచురించిన ‘అమ్మ వైద్యపు గదిలో’ అన్న గ్రంథం ఇందుకు నిదర్శనం. హైదరాబాదులో తాయెత్తులు వ్రాసి ఇచ్చే ఒక ముస్లిం స్త్రీ గదిలో, కొన్నేళ్ళ పాటు పదేపదే వచ్చి కూర్చుని ఆమె చూచింది. పేరు, తల్లి పేరు అక్షరాల అబ్జద్ లెక్క కట్టి రోగకారణం చెప్పడం, హిందూ, ముస్లిం, క్రైస్తవ స్త్రీలు ఒకే చాప మీద వరుస కోసం ఎదురుచూడటం, పీరు స్థానం స్త్రీకి లేదంటూనే పీరు భార్యగా ఆ వైద్యురాలు చలాయించే అధికారం ఇందులో చక్కగా వ్యక్తమయ్యాయి. గ్రంథకర్త తాను ఎవరో, ఆ ఇంట తనకు దొరికిన స్థానం ఏమిటో దాచలేదు. ఆ స్త్రీని కేవలం ‘అమ్మ’ అనే పిలిచింది. పరుల గౌరవాన్ని కాపాడటం కోసం పేరు దాచడం ‘సత్ర్’. కీర్తి తనకే దక్కాలని పేరు దాచడం తద్లీస్. చేసే పని ఒకటే అయినా రెంటికీ భూమ్యాకాశాల అంతరం ఉంది.

అఫ్సర్ మహమ్మద్ 2013లో ప్రకటించిన ‘పీర్ల పండుగ’ గ్రంథం అనంతపురం జిల్లా గూగూడులోని కుళ్ళాయప్ప ఉత్సవం మీద చేసిన పరిశోధన. తెలుగు కవిగా పేరున్న ఈ గ్రంథకర్తకు ఆ పల్లె జనుల భాష పరాయిది కాదు. పీరు వద్దకు వచ్చే హిందూ భక్తుల మాటలతోపాటు, ఇది అసలైన ఇస్లాం కాదని ఆక్షేపించే ముస్లిముల మాటలకు కూడా ఆయన చోటిచ్చాడు. ఇది మెచ్చుకోదగిన నిజాయితీ.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఒక గదిని, ఒక పల్లెను ఇంత ప్రేమతో చూచిన తరువాత వచ్చే నిర్ణయం ఏమిటి? “ఇదే ప్రజల ఇస్లాం, మదర్సాలలో చెప్పేది పుస్తకాల ఇస్లాం” అని విడదీసే అలవాటు ఈ రంగంలో బలంగా ఉంది. భారత ముస్లిముల సామాజిక జీవితం మీద ఇంతియాజ్ అహ్మద్ 1973 నుండి సంకలనం చేసిన సంపుటాలు, ముఖ్యంగా 1981 నాటి సంపుటం, స్థానిక ఆచారానికీ గ్రంథస్థ ధర్మానికీ సహజీవనం కుదిరిందని వాదించాయి. సంస్కరణల చరిత్రను ఆయన తక్కువ అంచనా వేశాడని ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1983లో జవాబు చెప్పాడు. ఈ చిక్కును అందరికంటె స్పష్టంగా విప్పినవాడు తలాల్ అసద్. ముస్లిములు తమ ఆచరణను సరిదిద్దుకోవడానికి ఖుర్ఆన్, హదీసుల వైపు తిరుగుతారు కనుక పరిశోధకుడు కూడా అక్కడి నుండే బయలుదేరాలని ఆయన 1986లో వాదించాడు. ఇస్లాం అంటే వాదోపవాదాలతో తరతరాలుగా నడిచే ఒక సంప్రదాయమని ఆయన అభిప్రాయం. పల్లెలో పీరుకు మొక్కే ముసలమ్మ, ఆమెను వద్దనే మనుమడు ఇద్దరూ ఆ సంప్రదాయంలోని వారే. వారి మధ్య నడిచే వాదమే పరిశీలించవలసిన విషయం. ఇద్దరిలో ఒకరిని ‘ప్రజలు’ అనీ, మరొకరిని ‘పుస్తకం’ అనీ ముద్రవేస్తే ఆ ఇంటి సగం సంగతి వ్రాయకుండానే మిగిలిపోతుంది. పండితుణ్ణీ సామాన్యుణ్ణీ వేరువేరుగా విని ఇద్దరినీ నమోదు చేయమన్న బీరూనీ నియమం ముస్లిముల విషయంలోనూ వర్తించాలి.

పాఠకుని బాధ్యత

ఈ విమర్శ పరిశోధకులకు మాత్రమే వర్తించేది కాదు. తమను ఇతరులు తప్పుగా చిత్రిస్తున్నారని ముస్లిములు వాపోవడం తరచు వినిపిస్తుంది. కాని జాఫర్ షరీఫ్ తరువాత ఇన్నేళ్ళలో తెలుగు ముస్లిముల జీవితాన్ని వారే శ్రద్ధగా చూచి వ్రాసిన గ్రంథాలు ఎన్ని? దూదేకుల వారి ఇళ్ళలో, రేవు పట్టణాల వాడలలో, పాతబస్తీ గల్లీలలో, గల్ఫ్ దేశాలకు మనుషులను పంపి ఉత్తరాల కోసం, తరువాత ఫోనుల కోసం ఎదురుచూచిన కుటుంబాలలో జీవితం ఎలా సాగిందో మదర్సా పండితుడు వ్రాయడు, ఎందుకంటే అందులో మస్అలా లేదు; విశ్వవిద్యాలయ పట్టభద్రుడు వ్రాయడు, ఎందుకంటే అది చెప్పుకోవడానికి నామోషీ. లోపాలు బయటపడతాయని తలుపులు మూసుకొన్న ఇంటిని గురించి కిటికీలోంచి చూచినవాడే వ్రాస్తాడు. అప్పుడు వాడి చూపును నిందించి ప్రయోజనం లేదు.

కనుక ఏ గ్రంథం చేతికి వచ్చినా నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. చూచినవాడు తాను ఎక్కడ నిలబడ్డాడో చెప్పాడా? ఎవరి నోట విన్నాడో వారికి దక్కవలసినది దక్కిందా? ఒక వాకిలిలో చూచినదాన్ని ఊరంతటికీ అంటగట్టాడా? తలుపు తెరిచినవారికి ఆ గ్రంథం వల్ల హాని జరిగిందా? ఈ నాలుగింటికీ సరైన జవాబు ఉంటే ఆ సాక్షి ముస్లిం కాకపోయినా అతని సాక్ష్యాన్ని గౌరవించాలి. జవాబు లేకపోతే అతను ముస్లిం అయినా సాక్ష్యాన్ని ఆచితూచి స్వీకరించాలి. తెలియనిదాని వెంట పడవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నీ లెక్క చెప్పుకోవలసి ఉంటుందనీ బనీ ఇస్రాయీల్ సూరా ముప్పై ఆరవ ఆయత్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చూచి వ్రాసేవాడికి ఎంత వర్తిస్తుందో, చదివి నమ్మేవాడికీ, చదవకుండా త్రోసిపుచ్చేవాడికీ అంతే వర్తిస్తుంది.